సోమవారం కోసం ఒక ప్రసంగం: బళ్లారి సరిహద్దు తెలుగు సంఘాల కాపరులకు బహిరంగ లేఖ

బళ్లారి, సిరుగుప్ప, కంప్లి, సండూరులోనూ, సరిహద్దుకు అవతల ఆలూరు, ఆదోని, రాయదుర్గం, గుంతకల్లు పల్లెల్లోనూ తెలుగులో వాక్యం చెబుతున్న పాస్టరు అయ్యగార్లందరికీ,



నేను సంఘ పెద్దను కాను. కౌల్ బజార్ దగ్గర జీన్స్ కుట్టే ఒక యూనిట్‌లో పీసుల లెక్క రాస్తాను, శనివారం కూలి పంచుతాను. నా దగ్గర కూలి తీసుకునేవాళ్లలో చాలామంది మరునాడు మీ ముందు కూర్చునేవాళ్లే. వాళ్ల ఆరు రోజులు నాకు తెలుసు, ఏడో రోజు మీకు తెలుసు. ఆ ఆరు రోజుల గురించి మీరు వాళ్లకు ఏం చెబుతారా అని ఎంతో కాలంగా చెవి ఒగ్గి వింటున్నాను. వినపడింది చాలా తక్కువ. అందుకే ఇలా నలుగురి ముందూ రాస్తున్నాను.

మీ ప్రసంగాల్లో ఉద్యోగం ప్రస్తావన రాదని కాదు. ఉద్యోగం దొరకాలని ప్రార్థిస్తారు. దొరికితే సాక్ష్యం చెప్పిస్తారు. మొదటి జీతం కానుకగా తెమ్మంటారు. దొరికిన పనిని ఎలా చేయాలన్న దగ్గరికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. మిషన్ మీద కూర్చున్న మనిషి రోజుకు పది గంటలు చేసే పని దేవునికి పట్టనిదన్నట్టు, ఆ గంటలు ఎలాగోలా గడిచిపోతే చాలన్నట్టు మన సంఘాలు నడుస్తున్నాయి. భక్తిలో ఎదుగుతున్న కుర్రాడు కనబడితే "సేవలోకి రా నాయనా" అంటాం. వాడు మంచి ఎలక్ట్రీషియన్ అయితే ఆ పనిలోనే ఉండి దేవుణ్ణి ఘనపరచమని చెప్పం. బైబిలు కాలేజీకి వెళ్లేవాణ్ణి సంఘమంతా లేచి నిలబడి సాగనంపుతాం. నర్సు ఉద్యోగంలో చేరబోయే ఆడపిల్ల మీద చేతులుంచి, ఆమె వార్డు కోసం, ఆమె రాత్రి డ్యూటీల కోసం ప్రార్థన చేయడం మాత్రం నేను చూడలేదు.

మీ పిలుపును తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తే కాపరులు, గిట్టుబాటు లేని పల్లె సంఘాలను ముప్పై ఏళ్లు మోసిన కాపరులు మీలో ఉన్నారని నాకు తెలుసు. కానీ వాక్యం చెప్పేవాడు దేవునికి దగ్గర, సున్నం కలిపేవాడు దూరం అనే వరుస మనలో స్థిరపడిపోయింది. అయిదు వందల ఏళ్ల కిందట జర్మనీలో మార్టిన్ లూథర్ పోరాడింది సరిగ్గా ఈ వరుసతోనే. మఠంలో ఉన్న సన్యాసికి ఎలాంటి పిలుపు ఉందో, పిల్లల్ని పెంచే తల్లికీ, దున్నే రైతుకూ అలాంటి పిలుపే ఉందని ఆయన బోధించాడు. ఆయన పేరు చెప్పుకునే సంఘాల వారసులం మనం.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం మరొక్కసారి తెరవమని మిమ్మల్ని వేడుకుంటున్నాను. యొప్పే పట్టణంలో దొర్కా చనిపోయింది. పేతురు వచ్చాడు. విధవరాండ్రు ఏడుస్తూ ఆయన చుట్టూ నిలబడి ఏం చూపించారు? ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, బట్టలు. ఆ గదిలో ఆమె తరఫున మాట్లాడింది ఆమె కుట్టుపనే. మనం ఆమె లేచి కూర్చున్న అద్భుతం దగ్గరికి తొందరగా వెళ్లిపోతాం. రాసిన లూకా మాత్రం అద్భుతానికి ముందు ఆగి ఆ బట్టలు చూపించాడు. కౌల్ బజార్ సందుల్లో ఇంటింటికీ కట్టలు కట్టలుగా ప్యాంట్లు వస్తాయి. గడప దగ్గర కూర్చుని దారాలు కత్తిరించే ఆడవాళ్లు, కళ్లు మసకబారేదాకా కాజాలు కుట్టే అక్కలు, కటింగ్ మాస్టర్లు, ఓవర్‌లాక్ కుర్రాళ్లు, ఇస్త్రీ పట్టేవాళ్లు, వాషింగులో మోకాళ్ల దాకా నీలం నీళ్లలో నిలబడేవాళ్లు, వీళ్లే మన సంఘం. కుట్టుపని చేసే మనిషిని బైబిలు ఇంత గౌరవంగా గుర్తు పెట్టుకుందని వీళ్లకు ఎవరు చెప్పాలి?

ఆ అధ్యాయం చివరి వాక్యం మీద కూడా ఆగండి. పేతురు ఆ ఊళ్లో చాలా రోజులు ఉన్నాడు, సీమోను అనే చర్మకారుడి ఇంట్లో. చచ్చిన పశువుల తోళ్లతో పని కాబట్టి యూదులు ఆ వృత్తిని అశుచిగా చూసేవారు. సంఘానికి పెద్ద దిక్కయిన అపొస్తలుడు వెళ్లి ఆ ఇంట్లోనే దిగాడు. దేవుడు పవిత్రపరచినదాన్ని నిషిద్ధమని అనవద్దన్న దర్శనం ఆయనకు ఆ మిద్దె మీదే కలిగింది. మన సంఘాల్లో చాలామంది తాతముత్తాతలు తోళ్లు ఊనినవాళ్లు, చెప్పులు కుట్టినవాళ్లు, కపిల బావులకు తోలు బానలు కుట్టినవాళ్లు. ఊరి సేద్యం వాళ్ల చేతుల మీదుగానే పారింది, ఆ ఊరే వాళ్లను వెలి ఉంచింది. పని చేసినవాడికి మైల, కూర్చుని తిన్నవాడికి మర్యాద. ఈ అన్యాయం మధ్యకి సువార్త వచ్చి, వడ్రంగి అని ఊరివాళ్లు తీసిపారేసిన ఒక మనిషిని ప్రభువుగా చూపించింది. అంత మాట విన్న సంఘంలో ఇవాళ నాన్న చెప్పుల అంగడి పేరు చెప్పడానికి సిగ్గుపడే పిల్లలు పెరుగుతున్నారు. వాళ్లకు ఇంగ్లిషు మీడియం ఇస్తున్నాం, మంచిదే. సీమోను ఇంటి సంగతి కూడా చెప్పాలి.

పౌలు సంగతి మీకు నేను చెప్పేదేముంది? కొరింథులో అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టాడు. మిలేతులో ఎఫెసు సంఘ పెద్దల దగ్గర సెలవు తీసుకుంటూ, తన అవసరాలకూ తనతో ఉన్నవాళ్ల అవసరాలకూ ఈ చేతులే పనిచేశాయని చూపించాడు. పోషణ అడిగే హక్కు తనకు ఉందని రాస్తూనే, ఆ హక్కు వాడుకోకుండా పగలూ రాత్రీ కష్టపడ్డాడు. వారంలో కొన్ని రోజులు బడిలో పాఠం చెప్పుకుంటూనో, చిన్న సేద్యం చేసుకుంటూనో సంఘం నడిపే కాపరులు మన సరిహద్దు పల్లెల్లో ఉన్నారు. వాళ్లను అరకొర సేవకులుగా చూస్తున్నాం. నా దృష్టిలో వాళ్లు పౌలుకు బాగా దగ్గరివాళ్లు.

ఈ గడ్డ మీద సువార్త నిలిచింది కూడా ఓపికతో చేసిన పని వల్లనే. నిజాం 1800లో ఈ సీమను కంపెనీకి వదిలిపెట్టిన పదేళ్లకు, 1810లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ హ్యాండ్స్ బళ్లారి వచ్చాడు. ఆయన ఇక్కడ చేసిన పనిలో పెద్ద భాగం బల్ల దగ్గర కూర్చుని చేసింది. కన్నడం నేర్చుకోవడం, ఒక్కొక్క వాక్యం తర్జుమా చేయడం, చదివించి వినడం, తప్పు దిద్దడం, దిద్దినదాన్ని మళ్లీ దిద్దడం. కన్నడ బైబిలు మొత్తం పూర్తయ్యేసరికి 1831 వచ్చింది. ఇరవై ఏళ్లకు పైబడిన శ్రమ. ఆయన తోటి పనివాడు విలియం రీవ్ కన్నడ ఇంగ్లిషు నిఘంటువు తయారుచేశాడు, అది 1832లో అచ్చయింది. వాళ్ల పక్కన కూర్చుని మాట మాటకూ అర్థం విడమరచిన పండితుల పేర్లు మన సంఘాల్లో ఎవరూ తలచుకోరు. ఆ బైబిల్లో వాళ్ల చెమట కూడా ఉంది.

తెలుగు బైబిలు కథా అలాంటిదే. 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌లకు ఆనందరాయరు తోడై సువార్తలు తెలుగు చేశారు. సెరంపూరులో తెలుగు కొత్త నిబంధన అచ్చువేయించిన విలియం కేరీ చెప్పులు కుట్టే వృత్తి నేర్చినవాడు. 1812లో ఆయన అచ్చుశాల తగలబడింది. రాతప్రతులు, అచ్చు అక్షరాలు బూడిదయ్యాయి. ఆయన మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు, 1814లో తెలుగు వ్యాకరణం వెలువరించాడు. మన బళ్లారి నుంచే 1822లో విలియం హోవెల్ కడపకు వెళ్లాడు. సర్వే శాఖలో కొలతలు వేసిన మనిషి, కడపలో తెలుగు సంఘాన్ని మొదలుపెట్టాడు. ఇక సామ్యూల్ ఫ్లావెల్. తమిళుడు, దొరల ఇళ్లలో నౌకరీ చేసినవాడు. 1820ల చివర నుంచి 1847లో కన్నుమూసేదాకా బళ్లారి సంఘానికి కాపరిగా ఉన్నాడు. చెప్పులు కుట్టిన చేయి, గొలుసు పట్టి నేల కొలిచిన చేయి, దొర బల్ల తుడిచిన చేయి, వీటి మీదుగా వచ్చింది మన విశ్వాసం. మిషన్ వార్షికోత్సవాలప్పుడు వీళ్ల ఫొటోలకు దండలు వేస్తాం గానీ వీళ్లు రోజంతా ఏం చేశారో పిల్లలకు చెప్పం.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువులో మద్రాసు రాజధాని అంతటిలోనూ ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో మన బళ్లారి ఒకటి. అదే కరువులో ఒంగోలు దగ్గర జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఏం చేశాడో చూడండి. ఆయనకు కుర్రతనంలో అమెరికాలో సర్వే పని తెలుసు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని ఇచ్చాడు. తన ప్రసంగికులను మేస్త్రీలుగా పెట్టాడు. పగలు వాళ్లు మట్టి పని చూసుకునేవాళ్లు, జనం అలుపు తీర్చుకునే వేళ వాక్యం చెప్పేవాళ్లు. బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా ఇవ్వలేదు. పని అయిపోయి, సాయం ఆగిపోయిన తరువాత, 1878 జూలై 3న ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం పొందారు. కూలికీ విశ్వాసానికీ ముడి పెట్టకుండా, కూలిని కూలిగా గౌరవించిన మనిషి ఆయన. ప్రార్థన నూనె సీసా కొంటే అప్పు తీరుతుందని చెప్పే కూటాలు మన మైదానాల్లో జరుగుతున్న ఈ రోజుల్లో ఆ మనిషిని తలచుకోవడం అవసరం.

అదే కరువులో దీనికి వ్యతిరేకమైనదీ జరిగింది. వైస్రాయి పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, 1877 మొదట్లో, కరువు పనుల్లో మట్టి మోసే మనిషికి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లరకు తగ్గించాడు. పని మాత్రం తగ్గలేదు. మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ దాన్ని గట్టిగా ఎదిరించాడు, ఆ తిండితో ఆ పని చేస్తే మనిషి బతకడని లెక్కలతో వాదించాడు. కష్టపడటం గొప్ప అని కూలివాడికి నీతి చెప్పి, కూలి దగ్గర కోత పెట్టే అలవాటు ఈ నేలకు కొత్తది కాదు. మీరు శ్రమ గురించి ప్రసంగిస్తే సగం ప్రసంగం చేయవద్దని నేను కోరడం ఇందుకే.

మన సంఘాల్లో కూలివాళ్లే కాదు, యూనిట్ యజమానులూ ఉన్నారు, మేస్త్రీలున్నారు, టిప్పర్లు నడిపించేవాళ్లున్నారు, మిరప తోటలకు మనుషుల్ని పిలిచే రైతులున్నారు. కొలొస్సయులకు రాసిన పత్రికలో ఏం చేసినా మనసు పెట్టి ప్రభువు కోసం చేసినట్టు చేయమన్న మాటను మనవాళ్లు గోడల మీద కూడా రాయించారు. ఆ మాట మొదట విన్నవాళ్లు దాసులు. అక్కడి నుంచి నాలుగు అడుగులు వేస్తే, నాలుగో అధ్యాయం మొదటి వాక్యంలో, యజమానులను నిలబెట్టి న్యాయంగా ఇవ్వమని, మీకూ పైన యజమాని ఉన్నాడని పౌలు హెచ్చరిస్తాడు. నేను విన్న ప్రసంగాలన్నీ మూడో అధ్యాయంతోనే ముగిశాయి. యాకోబు పత్రిక అయిదో అధ్యాయంలో పొలం కోసినవాళ్ల బిగబట్టిన కూలి మొరపెడుతుంది. ద్వితీయోపదేశకాండము అదే రోజు పొద్దు గుంకకముందే కూలి ఇచ్చేయమంటుంది. నేను మునుపు పనిచేసిన ఒక చోట, యజమాని విశ్వాసే, సీజన్ అయ్యాక కూలి నెలల తరబడి ఇవ్వకుండా నాన్చాడు. సంఘంలో ముందు వరసలో కూర్చునేవాడు. వెనుక వరసలో ఆయన కూలివాళ్లు కూర్చునేవాళ్లు. ఆ రెండు వరసల మధ్య ఏముందో కాపరికి తెలియదా? తెలిసి అడగకపోతే, శ్రమ గురించి చెప్పే ఏ మాటా వెనుక వరసకు చేరదు.

గనుల రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. సండూరు కొండల్లో, సరిహద్దు మీద ఓబుళాపురం పక్కన ఇనుప రాయికి ధర లేచిన ఆ ఏళ్లలో, పొలం మడక వదిలి జనం రాయి వైపు వెళ్లారు. ఎర్ర దుమ్ము ఇళ్ల మీద, చెట్ల మీద, పిల్లల ఊపిరితిత్తుల్లో పేరుకుంది. చదువు మానేసిన కుర్రాళ్లు నెలలో వాళ్ల నాన్న ఏడాదికి చూడనంత డబ్బు చూశారు. అక్రమ తవ్వకాల మీద లోకాయుక్త నివేదిక, తవ్వకాలకు సుప్రీంకోర్టు నిలుపుదల రెండూ 2011 జూలైలో వచ్చాయి. అప్పు చేసి టిప్పర్లు కొన్నవాళ్ల ఇళ్ల ముందు అవి తుప్పు పట్టాయి. అప్పుడు పని పోయినవాళ్లలో ఎందరో నిజాయితీగా కష్టపడినవాళ్లే, వాళ్ల మీద నాకు ఏ మాటా లేదు. నా బాధ ఇంకొకటి. సులభంగా వచ్చే డబ్బును ఆశీర్వాదమని ఆ రోజుల్లో మనం పాడుకున్నాం, రాయి ఎవరిది, ఎలా వచ్చింది అని ప్రసంగ వేదిక మీద నుంచి అడగలేదు. దొంగిలించేవాడు ఇక మానుకుని, అక్కరలో ఉన్నవాడికి పంచడానికి వీలుగా తన చేతులతో మంచి పని చేయాలని ఎఫెసీయుల పత్రిక చెబుతుంది. పంచడం కోసం సంపాదించడమన్న ఆ మాట ఎంత విలువైనదో చూడండి. మన జిల్లాకు ఆ రోజుల్లో అది కావలసి ఉండింది, ఇప్పుడూ కావాలి.

పని చేయనివాడికి తిండి ఎందుకన్న పౌలు మాటను మాత్రం జాగ్రత్తగా చదవండి. ఆయన చేయడానికి ఇష్టపడనివాడి గురించి రాశాడు. చేయలేనివాడి గురించి కాదు. దుమ్ముతో ఊపిరి చెడినవాడు, మిషన్ మీద నడుము పోయినవాడు, పని ఉందంటే తెల్లారకముందే వచ్చి నిలబడి దొరక్క తిరిగి వెళ్లేవాడు, వీళ్ల మీద ఆ వాక్యం విసిరితే పాపం. ఆదోని, ఆలూరు వైపు నుంచి సుగ్గికని మిరప కోతలకు గుంటూరు దాకా, కట్టడాల పనికి బెంగళూరు దాకా పోయే కుటుంబాలకు సోమరితనం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. వాళ్లకు కావలసింది వాళ్ల పిల్లల బడి సంగతి, వెళ్లిన చోట గుడారాల్లో పలకరించే ఒక సంఘం. గుంటూరు కాపరులకు మీరు ఒక ఫోన్ చేస్తే అది జరుగుతుంది.

విశ్రాంతి గురించి కూడా మీరే చెప్పాలి. దసరా, దీపావళి సీజన్‌లో యూనిట్లు ఆదివారం కూడా నడుస్తాయి. కుర్రాళ్లు ఆరాధన మానేశారని మీరు కోప్పడతారు, వాళ్లకు సెలవు ఇవ్వని మనిషిని వదిలేస్తారు. ఆరు దినాలు పని, ఏడో దినం విశ్రాంతి అన్న ఆజ్ఞలో దాసుడి విశ్రాంతి, దాసి విశ్రాంతి, చివరకు ఎద్దు విశ్రాంతి కూడా యజమాని బాధ్యతగానే ఉంది.

మీకు వీలయ్యే కొన్ని పనులు అడుగుతాను. వారం మధ్యలో పగలు పెట్టే ఉపవాస కూటాలను సాయంత్రం ఏడు తరువాతకు మార్చండి. పగటి కూటానికి వచ్చిన మనిషికి ఆ రోజు కూలి పోతుంది, రాలేనివాళ్లకు భక్తి తక్కువని పేరు వస్తుంది. కోత పండుగకు రైతులు జొన్న కంకులు, మిరపకాయలు, గుమ్మడికాయలు తెస్తారు. ఈసారి కుట్టినవాళ్లు కుట్టినది, చెక్కినవాళ్లు చెక్కినది తెమ్మనండి, వేలం పాట కంటే ముందు ఆ పని ఎవరిదో పేరు పెట్టి పిలవండి. సాక్ష్యాల వేళ వీసా వచ్చినవాడితో పాటు, ఎవరూ చూడని లోపలి కుట్టును కూడా దొంగతనం లేకుండా కుట్టే మనిషిని మాట్లాడనివ్వండి. సంఘంలో చేరిన యజమానులను ఒక సాయంత్రం విడిగా కూర్చోబెట్టి యాకోబు అయిదో అధ్యాయం కలిసి చదవండి. నన్ను పిలిస్తే లెక్కల పుస్తకం తీసుకుని నేనూ వస్తాను.

ఇంకొకటి. ఏదో ఒక సోమవారం కౌల్ బజార్ యూనిట్లకు రండి. మిషన్ల మధ్య నడవండి, ఎవరు ఏం కుడతారో అడిగి తెలుసుకోండి, దారాలు కత్తిరించే ఇళ్ల గడపల దగ్గర కాసేపు కూర్చోండి. మీరు వచ్చారని వాళ్లు లేచి నిలబడతారు. వద్దనండి, పీసు లెక్క తగ్గుతుంది. మధ్యాహ్నం భోజనానికి మిషన్లు ఆగినప్పుడు ప్రార్థన చేద్దాం.

ఇట్లు
ప్రభువునందు మీ సంఘ విశ్వాసి ఒకరు
కౌల్ బజార్, బళ్లారి